సిస్టర్ గారూ, ‘రన్’ని బట్టీ పట్టకండి

ప్రశ్న: నేను విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా. ఇంగ్లండ్ వెళ్దామని ఓఈటీకి, అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లిషు పరీక్షకి, చదువుతున్నాను. ‘హైపర్‌టెన్షన్’, ‘క్యాథెటర్’ లాంటి పెద్ద మాటలంటే నాకు భయం లేదు. ‘రన్’, ‘పాస్’, ‘టర్న్’, ‘ఛార్జ్’ లాంటి చిన్న మాటలు చూస్తేనే టెన్షన్. ఒక్కోదానికి లెక్కలేనన్ని అర్థాలు. డిక్షనరీ ముందు పెట్టుకుని ‘రన్’ అర్థాలన్నీ నోట్‌బుక్కులో ఎక్కిస్తున్నాను. పేజీలు నిండుతున్నాయి కానీ మర్నాటికి ఏదీ గుర్తుండటం లేదు. లీడ్స్‌లో పనిచేసే మా సీనియర్ అక్కేమో ‘పరీక్ష సంగతి సరే, ఇక్కడి పేషెంట్ల మాటలు ఇంకో రకం’ అని భయపెట్టింది. ఇన్ని అర్థాలు ఎలా గుర్తుపెట్టుకోవాలి? ఏ డిక్షనరీ కొనుక్కోవాలి? స్పీకింగ్ టెస్టులో ఎదుటివాళ్ళ మాట అర్థం కాకపోతే ఏం చెయ్యాలి?

జవాబు: మీ మొదటి ప్రశ్నకి నా సమాధానం, గుర్తుపెట్టుకోవద్దనే. ఆ నోట్‌బుక్కు ఇవాళే పక్కన పెట్టేయండి.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ మూడో కూర్పు కోసం ‘రన్’ని తిరగరాసినప్పుడు, ఒక్క క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. ఆ పని చేసిన సంపాదకుడు పీటర్ గిలివర్‌కి తొమ్మిది నెలలు పట్టింది. మీ వృత్తి భాషలో చెప్పాలంటే, నెలలు నిండాకే ఆ మాట బయటికొచ్చింది. అంతకు ముందు ఈ పోటీలో ‘సెట్’దే పైచేయి. 1989లో వచ్చిన 20 సంపుటాల రెండో కూర్పులో ఆ క్రియకి 430 అర్థాలిచ్చారు, వాటిని వివరించడానికి దాదాపు 60,000 మాటలు ఖర్చయ్యాయి. ఇంగ్లండులో పుట్టి పెరిగినవాళ్ళలో ఈ జాబితాలు చదివినవాళ్ళు దాదాపు ఎవరూ ఉండరు. ఆ డిక్షనరీ మాటల చరిత్ర కోసం తయారైంది. వందల ఏళ్ళ కిందట వాడి మానేసిన అర్థం కూడా అందులో చోటు సంపాదించుకుంటుంది, పైగా అర్థాలు పాతది ముందు, కొత్తది తర్వాత అన్న వరసలో ఉంటాయి. డ్యూటీకి వెళ్ళే మనిషికి దానితో పని లేదు.

చిన్న మాటలే ఇబ్బంది పెడుతున్నాయని మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. జార్జ్ జిఫ్ అనే అమెరికన్ పండితుడు 1945లోనే ఈ సంగతి రాశాడు. ఒక మాటని జనం ఎంత ఎక్కువగా వాడితే దానికి అన్ని ఎక్కువ అర్థాలు పోగుపడతాయి. ‘క్యాథెటర్’ని వార్డు దాటి బయట ఎవరూ ముట్టుకోరు కాబట్టి దానికి ఒకటే అర్థం. ‘రన్’ని పిల్లలూ, వ్యాపారులూ, క్రికెటర్లూ, డాక్టర్లూ అందరూ వాడతారు. మీరు పెద్ద మాటల్లో తెలివైనవాళ్ళై చిన్న మాటల్లో వెనకబడలేదు. కష్టం ఆ మాటల స్వభావంలోనే ఉంది.

ఇప్పుడు మీ సొంత వార్డులోకి రండి. ఉదయం రౌండ్స్‌లో ఒక పెద్దాయన, ‘రాత్రంతా నిద్ర పట్టలేదమ్మా, మెడ పట్టేసింది, చెమటలు పట్టాయి’ అంటాడు. పక్క మంచం ఆవిడ ‘మనవడికి జలుబు పట్టింది, పాలు పట్టించినా తాగట్లేదు’ అంటుంది. రిపోర్టు రావడానికి గంట పడుతుందని మీరు చెబుతారు. స్ట్రెచర్ ఆ తలుపులో పట్టదంటాడు వార్డు బాయ్. ఇనప మంచానికి తుప్పు పట్టింది. మీరేమో ఇంగ్లిషు మాటల్ని బట్టీ పడుతున్నారు. ‘పట్టు’కి ఎన్ని అర్థాలున్నాయని ఎప్పుడైనా లెక్కపెట్టారా? లెక్కపెట్టకుండానే ఒక్కటి కూడా తప్పకుండా అర్థం చేసుకుంటున్నారు. ‘నిద్ర’ పక్కన ఉంటే ఒకటి, ‘మెడ’ పక్కన ఉంటే ఇంకొకటి. మీరు ఎప్పుడూ ‘పట్టు’ని ఒంటరిగా వినలేదు. చిన్నప్పటి నుంచీ దాన్ని ఏదో ఒక మాటతో కలిపే విన్నారు. అందుకే అది మీకు కష్టమనిపించలేదు.

ఒడిశా నుంచి వచ్చిన కొత్త సిస్టర్ ఎవరైనా మీ దగ్గర తెలుగు నేర్చుకుంటానంటే ఏం చేస్తారు? ‘పట్టు అంటే పట్టుకొనుట, సరిపోవుట, ఆవహించుట, కాలము గడుచుట’ అని జాబితా రాసిస్తారా? అది చదివి ఆ అమ్మాయి పారిపోతుంది. ‘నిద్ర పట్టిందా?’ అని పేషెంటుని అడగమని నేర్పుతారు. రేపు ‘చెమట పట్టిందా?’ అని. ఇంకో మాట. మన ఇళ్ళలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. దాన్ని విడిగా విప్పి చెప్పబోతే ఆ అమ్మాయి డబ్బా నిండా బియ్యం ఉన్నాయనుకుంటుంది!

జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. తొలి రోజుల్లో లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు ప్రొఫెసరుగా చేశాడు. ఒక మాట ఎలాంటిదో అది ఏ మాటలతో తిరుగుతుందో చూసి తెలుసుకోవాలని 1957లో రాశాడు. మీకు నేనిచ్చే సలహా మొత్తం ఇదే. అర్థాలు నేర్చుకోకండి, పక్క మాటలు నేర్చుకోండి. మీ నోట్‌బుక్కులో ‘రన్’ అని శీర్షిక పెట్టి కింద అంకెలేసి అర్థాలు రాస్తే అవి నిలవవు. వాక్యం రాస్తే నిలుస్తుంది, అదీ మీ డ్యూటీలో మీరే అనగలిగిన వాక్యం అయితేనే.

‘రన్’తోనే చూద్దాం. ‘షి ఈజ్ రన్నింగ్ ఎ టెంపరేచర్’ అంటే ఆవిడకి జ్వరం ఉంది. ‘రన్నీ నోస్’ అంటే ముక్కు కారుతోంది. ‘డయాబిటీస్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’ అంటే షుగర్ వాళ్ళ వంశంలో ఉంది. ‘రన్ ఇట్ ఓవర్ ఎయిట్ అవర్స్’ అని డాక్టరు అంటే ఆ సెలైన్‌ని ఎనిమిది గంటల్లో ఎక్కించమని. ‘వియ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ గ్లవ్స్’ అంటే గ్లవ్స్ నిండుకున్నాయి. ‘వియ్ విల్ రన్ సమ్ టెస్ట్స్’ అంటే పరీక్షలు చేయిస్తాం. ‘హూ రన్స్ దిస్ వార్డ్?’ అంటే ఈ వార్డుని నడిపేది ఎవరని. ‘ద క్లినిక్ ఈజ్ రన్నింగ్ లేట్’ అంటే ఓపీ ఆలస్యంగా నడుస్తోంది. డ్యూటీ మారుతూ హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు ‘లెట్ మీ రన్ త్రూ ద పేషెంట్స్’ అంటే ఒక్కొక్కరి సంగతీ గబగబా చెప్పుకొస్తానని. ఇంగ్లండులో పేషెంటు సిగ్గుపడుతూ ‘ఐ హావ్ గాట్ ద రన్స్’ అంటే విరేచనాలవుతున్నాయని అర్థం. ముందు ‘ద’, చివర ‘స్’ ఉన్నాయా లేదా అన్నది అక్కడ చాలా ముఖ్యం.

ఇవన్నీ కలిపి చదివితే మీకే ఒక సంగతి తట్టాలి. ఎక్కడా ఎవరూ పరిగెత్తడం లేదు. కానీ ప్రతి చోటా ఏదో ఒకటి ఆగకుండా సాగుతోంది. ముక్కు కారడం, జబ్బు తరం నుంచి తరానికి రావడం, సెలైన్ ఎక్కడం, వార్డు నడవడం, సరుకు సాగి సాగి అయిపోవడం. వాడుక ఎక్కువగా ఉన్న మాటల్లో చాలావాటికి ఇలాంటి ఒక నడిమి భావం ఉంటుంది. అది పట్టుబడితే, ఎప్పుడూ వినని వాడకం ఎదురైనా సగం ఊహించగలరు. ఊహించడమే ఇక్కడ అసలు నైపుణ్యం. కోచింగ్ సెంటర్లు అమ్మే వెయ్యి మాటల పట్టికలు నాకు నచ్చకపోవడానికి కారణం అదే. అవి ఊహించే అలవాటుని చంపేస్తాయి.

నడిమి భావం సంగతి ఇంకొంచెం చెప్పాలనుంది, ఎందుకంటే మీరడిగిన ‘ఛార్జ్’ అందుకు చక్కటి ఉదాహరణ. ఏ రోజు తెలుగు పేపరైనా తీయండి. బస్సు ఛార్జీలు పెరిగాయి. ఆందోళనకారుల మీద లాఠీఛార్జి. నిందితుడి మీద ఛార్జిషీటు దాఖలు. జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి సమీక్ష. కొత్త కలెక్టరు ఛార్జ్ తీసుకున్నారు. ఇక పేపరు చదివే మనిషి పక్కన ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటుంది. ఒక్క ఇంగ్లిషు ముక్క రాని పెద్దవాళ్ళు కూడా ఈ ఆరింటినీ తికమక పడకుండా వాడుతున్నారు. ఈ మాట లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మొదట్లో బండికి బరువెత్తడమని అర్థం. ఆ బరువు పెట్టి చూడండి. ఛార్జీ మన జేబు మీద పడే బరువు, నేరారోపణ మనిషి మీద మోపే బరువు, ఇన్‌ఛార్జి అంటే బాధ్యత మోసేవాడు, బ్యాటరీకి ఛార్జింగ్ అంటే కరెంటు నింపడం. లాఠీఛార్జి మాత్రం కాస్త దూరపు చుట్టం, అయినా ‘మీద పడటం’ అనుకుంటే గుర్తుంటుంది.

ఇప్పుడు దానికి ముందు ‘డిస్’ తగిలించండి. బరువు దించడం. ‘డిశ్చార్జ్’ మీరు రోజూ వాడే మాట. పేషెంటుని ఇంటికి పంపడం డిశ్చార్జ్. గాయం నుంచి కారేదీ డిశ్చార్జే. సర్వీసు రిజిస్టర్లో ‘డిశ్చార్జ్ ఆఫ్ డ్యూటీస్’ అంటే విధులు నిర్వర్తించడం. మొబైల్ డిశ్చార్జ్ అయిపోవడం సరేసరి. ఓఈటీ రైటింగ్‌లో నర్సులకి కేసు నోట్సు ఇచ్చి, 180 నుంచి 200 మాటల్లో ఉత్తరం రాయమంటారు. పేషెంటుని ఇంటికో, ఇంకో చోటికో పంపుతూ రాసే ఉత్తరాలు అందులో తరచూ వస్తాయి. అదే ఉత్తరంలో గాయం గురించి రాయాల్సి వస్తే ‘డిశ్చార్జ్’ రెండు అర్థాల్లోనూ వచ్చి చదివేవాళ్ళని గజిబిజి చేస్తుంది. అలాంటప్పుడు గాయం దగ్గర ‘పస్’ అనో, ‘ఫ్లూయిడ్’ అనో ఏది కారుతోందో దాని పేరే రాసేయండి. అన్నట్టు ఇంగ్లండు వార్డుల్లో ‘ఛార్జ్ నర్స్’ అనే హోదా ఉంది, వార్డు బాధ్యత చూసే సీనియర్ నర్సు. ‘సిస్టర్’ కూడా అక్కడ అలాంటి హోదాయే. మన దగ్గర నర్సు కోటు వేసుకున్న ప్రతివాళ్ళూ సిస్టరే. అక్కడ చేరిన మొదటి వారంలో మిమ్మల్ని మీరు ‘ఐ యామ్ ఎ సిస్టర్’ అని పరిచయం చేసుకుంటే ప్రమోషన్ ఎప్పుడొచ్చిందని అడుగుతారు.

అయితే ప్రతి మాటకీ నడిమి భావం వెతుకుతూ కూర్చోకండి. చూడ్డానికి ఒకేలా ఉండి, అసలు చుట్టరికమే లేని మాటలున్నాయి. కాంట్రాక్టరు వేసే టెండరు, డాక్టరు పొట్ట నొక్కి ‘టెండర్’ అని రాయడం, ఈ రెండూ వేరు వేరు లాటిన్ మాటల నుంచి వచ్చి ఇంగ్లిషులో ఒకే స్పెల్లింగులో ఇరుక్కున్నాయి. మొదటిది చాచి ఇవ్వడం, రెండోది మెత్తదనం. ముట్టుకుంటే నొప్పి పుట్టేది టెండర్, లేత కొబ్బరీ టెండరే. ఇలాంటి చోట రెండు వాక్యాలు విడివిడిగా నేర్చుకోవడం తప్ప దారి లేదు, అది పెద్ద పనేం కాదు.

‘పాస్’ గురించి జాగ్రత్తగా వినండి, ఇది నవ్వులాట వ్యవహారం కాదు. నడిమి భావం దాటిపోవడం. యూరిన్ పాస్ చెయ్యడం, గ్యాస్ పాస్ అవ్వడం, పరీక్ష పాస్ అవ్వడం మనకి తెలిసినవే. గ్యాస్‌ని అక్కడ ‘విండ్’ అంటారు. ఆపరేషన్ అయిన పేషెంటుని ‘హావ్ యూ పాస్డ్ విండ్?’ అని అడుగుతారు. ‘ఐ విల్ పాస్ ఇట్ ఆన్ టు ద డాక్టర్’ అంటే డాక్టరుకి చెబుతానని. కానీ ఒక కొడుకు వచ్చి ‘డాడ్ పాస్డ్ దిస్ మార్నింగ్’ అంటే వాళ్ళ నాన్న పొద్దున పోయారని. ‘అవే’ అనే ముక్క లేకుండానే ఇప్పుడు చాలామంది అలా అంటారు. దానికి మీరు ‘గుడ్’ అన్నారంటే ఆ తర్వాత ఎన్ని సారీలు చెప్పినా లాభం లేదు. మన వైపు నుంచి ఇంకో ప్రమాదం ఉంది. మనం కాలేజీ పూర్తి చేయడాన్ని ‘పాస్ అవుట్’ అంటాం. ఇంటర్వ్యూలో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2016’ అంటే ఎదుటి నర్సింగ్ మేనేజరుకి వినిపించేది ‘2016లో నేను స్పృహ తప్పి పడిపోయాను’ అని. ‘క్వాలిఫైడ్’ అనండి.

మనం పెట్టుకున్న అర్థాలు ఇలా ఇంకొన్ని ఉన్నాయి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అని మనం చెయ్యెత్తి అడుగుతాం. వాళ్ళకి ‘డౌట్’ అంటే అనుమానం, నమ్మకం లేకపోవడం. డాక్టరు మందు రాసిన వెంటనే అలా అంటే ఆయన్ని శంకిస్తున్నట్టుంటుంది. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ చాలు. ‘లూజ్ మోషన్స్’ బదులు ‘డయేరియా’ అనండి. ‘షుగర్ పేషెంట్’ అని రాయకండి. ఇవి తప్పులేం కావు, మన దేశపు ఇంగ్లిషులో పదేళ్ళో పాతికేళ్ళో కాదు ఎన్నాళ్ళుగానో నడుస్తున్నవే, ఇక్కడ అందరికీ అర్థమవుతాయి. ఊరు మారితే మానుకోవాలి, అంతే. ఉత్తరాంధ్ర మాటల్ని అనంతపురంలో వాడినా ఎదుటివాళ్ళు ఒక క్షణం ఆగి చూస్తారు కదా.

మీ లీడ్స్ అక్క చెప్పింది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆవిడ భయపెట్టలేదు, ఉన్నమాటే చెప్పింది. అక్కడి పేషెంట్లు పెద్ద మాటలు వాడరు. మీకు బాగా తెలిసిన చిన్న మాటనే మీకు తెలియని అర్థంలో వాడతారు. ‘ఐ హావ్ బీన్ సిక్’ అని ఒకావిడ అంటే మనం ఒంట్లో బాగాలేదని రాసుకుంటాం. ఇంగ్లండులో మామూలుగా దానర్థం వాంతి చేసుకున్నానని. ‘ఐ ఫీల్ సిక్’ అంటే వికారంగా ఉందని. ఒంట్లో బాగాలేదనడానికి వాళ్ళ మాట ‘పూర్లీ’. అమెరికాలో ‘సిక్’ అంటే మనం అనుకునే అర్థమే, అందుకే అమెరికన్ వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ళు ఈ మాట దగ్గర దెబ్బతింటారు. ఆపరేషన్ అయిన మనిషికి ఎన్నిసార్లు వాంతైందో ఛార్టులో ఎక్కించాల్సింది మీరే, కాబట్టి ఈ ఒక్క మాట మాత్రం ఖాయంగా నేర్చుకుని వెళ్ళండి.

‘ఐ హాడ్ ఎ ఫన్నీ టర్న్’ అంటే తమాషా ఏమీ లేదు, ఉన్నట్టుండి కళ్ళు తిరిగినట్టయిందని. మీరడిగిన ‘టర్న్’ ఇదే. ‘టర్న్ ద పేషెంట్ ఎవ్రీ టూ అవర్స్’ అంటే పక్కకి తిప్పి పడుకోబెట్టమని, ‘హి టుక్ ఎ టర్న్ ఫర్ ద వర్స్’ అంటే పరిస్థితి దిగజారిందని. తిరగడమనే భావం మూడింట్లోనూ ఉంది. మూత్ర సంబంధమైన ఇబ్బందిని ముసలివాళ్ళు ‘వాటర్‌వర్క్స్’ అంటారు, మున్సిపాలిటీతో సంబంధం లేదు. ‘సర్జరీ’ అంటే ఆపరేషన్ అని మనం స్థిరపడిపోయాం. అక్కడ ఊరి డాక్టరు కూర్చునే క్లినిక్కుని కూడా సర్జరీ అంటారు. ‘ఐ వెంట్ టు ద సర్జరీ ఎస్టర్‌డే’ అన్న పేషెంటు ఒంటి మీద కుట్ల కోసం వెతక్కండి, నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాడంతే. లీడ్స్ లాంటి ఉత్తర ఇంగ్లండు ఊళ్ళలో చాలామందికి ‘టీ’ అంటే సాయంత్రం భోజనం కూడా. షుగర్ ఉన్న మనిషి ‘ఐ హావ్ హాడ్ మై టీ’ అంటే కప్పు టీ తాగాడో, భోజనమే కానిచ్చాడో అడిగి తెలుసుకోవాలి, ఇన్సులిన్ ఇచ్చే ముందు అది చిన్న విషయం కాదు.

ఆపరేషన్ గదిని మనం ఓటీ అంటాం, వాళ్ళు ‘థియేటర్’ అంటారు. మన దగ్గర థియేటర్ అంటే సినిమా హాలు కాబట్టి కొత్తలో నవ్వొస్తుంది. కానీ పూర్వం ఆపరేషన్ నిజంగానే జనం చూసే వ్యవహారం. లండన్‌లో 1822 నాటి ఆపరేషన్ గది ఒకటి ఇప్పుడు మ్యూజియంగా ఉంది. మధ్యలో బల్ల, చుట్టూ విద్యార్థులు నిలబడి చూడటానికి మెట్లు మెట్లుగా వరసలు. మత్తుమందులు రాని రోజుల్లో ఆ గదిలో ఏం జరిగేదో ఊహించుకోవడం మీకే వదిలేస్తున్నాను.

ఆసుపత్రి కాగితాల్లో మాటలు మర్యాద లేకుండా ఉన్నట్టు కనిపించి కొందరు నర్సులు నొచ్చుకుంటారు. ‘పేషెంట్ కంప్లెయిన్స్ ఆఫ్ హెడేక్’ అంటే మన మీద కంప్లయింటు కాదు, తలనొప్పి ఉందని చెప్పాడని. ‘డినైస్ చెస్ట్ పెయిన్’ అంటే ఛాతీలో నొప్పి లేదన్నాడని. ‘అన్‌రిమార్కబుల్’ అని రిపోర్టులో ఉంటే అంతా మామూలుగా ఉందని, సంతోషించాల్సిన సంగతి. ‘పాజిటివ్’ సంగతి కరోనా తర్వాత పల్లెటూళ్ళకి కూడా తెలిసిపోయింది.

రీడింగ్ పరీక్షకి పనికొచ్చే మాటొకటి. ఓఈటీ రీడింగ్‌లో చివరి భాగంలో పెద్ద వ్యాసాలుంటాయి. అందులో ఒక మాటని రచయిత ఏ ఉద్దేశంతో వాడాడో తేల్చుకోవాల్సిన ప్రశ్నలు వస్తాయి. అక్కడ మీకు తెలిసిన మొదటి అర్థాన్ని పట్టుకుని జవాబు గుర్తించేయకండి. ‘ఓవర్‌సైట్’ తీసుకోండి. ‘అండర్ ద ఓవర్‌సైట్ ఆఫ్ ఎ సీనియర్ నర్స్’ అంటే సీనియర్ నర్సు పర్యవేక్షణలో. ‘డ్యూ టు యాన్ ఓవర్‌సైట్, ద డోస్ వాజ్ మిస్డ్’ అంటే ఎవరో గమనించకపోవడం వల్ల డోసు తప్పిపోయింది. ఒకటి కనిపెట్టి ఉండటం, ఇంకొకటి కనిపెట్టకపోవడం, మాట మాత్రం అదే! ముందు ‘అండర్’ ఉందా, ‘డ్యూ టు’ ఉందా అన్నదే మీకు దారి చూపిస్తుంది. అనుమానం వస్తే ఆ మాటని వేలితో మూసేసి, మిగతా వాక్యం చదివి, ఖాళీలో మీకు తెలిసిన తేలిక మాట ఏది అతుకుతుందో చూడండి. అదే జవాబుకి దగ్గర.

వినేటప్పుడు ఇంకో సాయం దొరుకుతుంది. స్పెల్లింగు ఒకటైనా పలకడం వేరుగా ఉండే మాటలున్నాయి. వీటిని తెలుగులో రాసుకుంటే తేడా ఇట్టే కనిపిస్తుంది. ‘టియర్’ కన్నీరు, ‘టేర్’ చిరుగు. కాన్పులో చర్మం చిరిగితే అది టేర్. ‘మినిట్’ నిమిషం, ‘మైన్యూట్’ అతి చిన్నది. ‘వూండ్’ గాయం, ‘వౌండ్’ చుట్టినది. ‘రికార్డ్’ లాంటి వాటిలో ముందు అక్షరం ఒత్తి పలికితే రాసిన కాగితం, రెండోది ఒత్తి పలికితే రాసే పని.

ఇక డిక్షనరీ. శంకరనారాయణ గారి ఇంగ్లిషు–తెలుగు నిఘంటువు మీ ఇంట్లో ఉండే ఉంటుంది, మా తరంలో అది లేని చదువుకున్న ఇల్లు లేదు. దాన్ని పారెయ్యమని చెప్పను, తెలియని పెద్ద మాటకి తెలుగు చూసుకోవడానికి ఈ రోజుకీ మంచిదే. కానీ మీ ఇబ్బంది చిన్న మాటలతో. అక్కడ వరసగా తెలుగు మాటలిచ్చే నిఘంటువు మిమ్మల్ని మళ్ళీ జాబితా దగ్గరికే తీసుకుపోతుంది. మీకు కావలసింది ఇంగ్లిషు నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన ఇంగ్లిషు–ఇంగ్లిషు డిక్షనరీ. ఈ రకం పుస్తకాల్లో పేరు మోసింది ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్. దాన్ని ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో పాఠాలు చెబుతూ తయారుచేస్తే 1942లో టోక్యోలో మొదట అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. పరాయి భాషగా ఇంగ్లిషు నేర్చుకునేవాళ్ళు ఎక్కడ తడబడతారో తరగతి గదిలో చూసిన మనిషి రాసింది కాబట్టి అది మనకి పనికొస్తుంది. 1978లో వచ్చిన లాంగ్‌మన్ వాళ్ళది ఇంకా తేలిక. వివరణలన్నీ సుమారు 2,000 మామూలు మాటల్లోనే రాయాలని వాళ్ళు నియమం పెట్టుకున్నారు. ఎక్కువగా వాడే అర్థాన్ని ముందు ఇస్తారు. రెండింట్లో ఏది మీకు చదవడానికి హాయిగా ఉంటే అది తీసుకోండి, నన్నడిగితే లాంగ్‌మన్. రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు, పలకడం కూడా వినిపిస్తాయి. తెరిచినప్పుడు మాత్రం అర్థం దగ్గర ఆగిపోకుండా దాని కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం చదవండి. మొదటి నాలుగైదు అర్థాలు దాటి పోవద్దు.

రోజుకి ఒక్క మాట చాలు. డ్యూటీలో విన్న మాటో, ప్రాక్టీసు పేపర్లో అడ్డుపడిన మాటో తీసుకుని, దానితో మీ వార్డుకి పనికొచ్చే వాక్యాలు రెండో మూడో రాసి పైకి చదవండి. నైట్ డ్యూటీ ఉన్న రోజు వదిలేసినా కొంపలంటుకోవు. నాలుగు రోజులకోసారి పాత వాక్యాల్లో ఆ మాటని కాగితంతో మూసి చెప్పగలుగుతున్నారేమో చూసుకోండి.

మీ మూడో ప్రశ్నకి వస్తాను. స్పీకింగ్‌లో రెండు రోల్ ప్లేలు, ఒక్కోటి ఐదు నిమిషాలు. ఎదుట కూర్చున్నవాళ్ళు పేషెంటుగానో, బంధువుగానో మాట్లాడతారు. మాట అర్థం కాకపోతే మనవాళ్ళు చేసే పని నవ్వి తలూపి తర్వాతి పాయింటుకి వెళ్ళిపోవడం. అక్కడే మార్కులు పోతాయి. తిరిగి అడగడం తక్కువతనమని మనకి ఎవరో చిన్నప్పుడు నేర్పేశారు. ఈ పరీక్షలో పేషెంటు తేల్చకుండా చెప్పిన మాటని విడమర్చి అడిగి తెలుసుకోవడం మార్కులిచ్చే అంశాల్లో ఒకటి. అంటే అడిగితే పోయేదేం లేదు, వచ్చేదే ఉంది. అయితే ‘వాట్?’ అనో, ‘పార్డన్?’ అనో పదే పదే అనకండి. అర్థం కాని మాటనే పట్టుకుని, మీరనుకున్న అర్థం ముందు పెట్టి అడగండి. ‘వెన్ యూ సే సిక్, డూ యూ మీన్ యూ వామిటెడ్?’ ‘యూ సెడ్ ఎ ఫన్నీ టర్న్. కెన్ యూ టెల్ మీ వాట్ హ్యాపెన్డ్?’ మొదటి దానికి అవునంటే, ఎన్నిసార్లు, ఎప్పటి నుంచి, రక్తం గానీ కనిపించిందా అన్నవి మీరు ఇక్కడ రోజూ అడిగే ప్రశ్నలే. అక్కడి నుంచి మీకు ఎవరూ నేర్పక్కర్లేదు.